నెమ్మది నేర్పే నేస్తాలు



ఇవాళ నేను మీతో ముచ్చటించబోయే విషయం పేరు వినగానే మీలో కొందరు రేడియో కట్టేస్తారేమోనని కొంచెం బెరుగ్గానే వుంది. ఇంట్లో కుక్కపిల్లను పెంచుకుంటే మనసుకు హాయిగా వుంటుందంటే అందరూ ఒప్పుకుంటారు. పిల్లిని ఒళ్ళో కూచోబెట్టుకుంటే బెంగ తగ్గుతుందన్నా ఒప్పుకుంటారు. కానీ తాబేలు, బల్లి, పాము – ఇలాంటి పాకే ప్రాణులను పెంచుకుంటే మనసుకు నెమ్మది కలుగుతుందంటే మాత్రం, "ఇదెక్కడి చోద్యమమ్మా!" అని ముక్కున వేలేసుకుంటారు.

చోద్యమే. అయినా కాస్త ఓపిక పట్టి వినండి. పాముల్ని తెచ్చి పెంచుకోమని చెప్పడానికి రాలేదు నేను. ఈ ప్రాణుల దగ్గర మనసు ఎందుకు కుదుటపడుతుందో తెలుసుకుంటే, అసలు ఏ ప్రాణినీ కొనకుండా, బోనులో పెట్టకుండా కూడా ఆ నెమ్మదిని మనం సంపాదించుకోవచ్చు. నేను చెప్పదలచుకున్నది అదీ.

ముందుగా మన సంగతే చూసుకుందాం. ఉదయం అయిదింటికి లేచిన దగ్గర్నుంచి మన చేతులకు తీరిక వుండదు. కాఫీలు, టిఫిన్లు, కారియర్లు, కుక్కరు కూతలు. పది గంటలయ్యేసరికి ఎవరి దారిన వాళ్ళు వెళ్ళిపోతారు. తలుపు గడియ పెట్టి వెనక్కి తిరిగేసరికి ఇల్లంతా ఒక్కసారి బావురుమంటుంది. పిల్లలు చిన్నవాళ్ళయితే సాయంత్రానికి వస్తారు. పెద్దవాళ్ళయి బెంగుళూరుకో, అమెరికాకో వెళ్ళిపోతే ఇక పండక్కి రావడమే. చేసిన పని ఎవరికీ కనబడదు, చెయ్యని పని మాత్రం అందరికీ కనబడుతుంది. తీరిక దొరికిందా, సెల్ ఫోను చేతిలోకి తీసుకుంటాం. గంట గడిచాక అది కింద పెడితే మనసు తేలికపడిందా అంటే, ఇంకాస్త చికాకు పడి వుంటుంది.

ఇలాంటప్పుడు ఇంట్లో ఇంకొక ప్రాణి వుంటే బాగుండునని అనిపించడం సహజం. విదేశాల్లో చాలామంది ఆ ప్రాణిగా తాబేలునో, బల్లి జాతిదాన్నో ఎంచుకుంటున్నారు. మీలో కొందరు అబ్బాయి దగ్గరికో, అమ్మాయి దగ్గరికో అమెరికా వెళ్ళినప్పుడు చూసే వుంటారు. మనవడి గదిలో ఒక గాజుపెట్టె, అందులో ఇసుక, ఒక రాయి, పైన వేడి దీపం, ఆ రాయి మీద గడ్డం కింద ముళ్ళున్న పెద్ద తొండలాంటిది కదలక మెదలక కూచుని వుంటుంది. దాన్ని అక్కడ బియర్డెడ్ డ్రాగన్ అంటారు. అది ఆస్ట్రేలియా ఎడారి ప్రాంతాల ప్రాణి. లెపర్డ్ గెకో అని ఇంకొకటి వుంది. ఒంటి మీద చిరుతపులికున్నట్టు మచ్చలుండే బల్లి. మొదటి రోజు ఆ గది గుమ్మంలోనే ఆగిపోతాం. కోడలూ కొడుకూ ఆఫీసుకీ, మనవడు స్కూలుకీ వెళ్ళాక పొద్దంతా ఆ ఇంట్లో మనకు తోడుండేది అదొక్కటే కదా! వారం తిరిగేసరికి, "ఇవాళ ఆకు తిన్నదో లేదో" అని తొంగి చూడడం మొదలుపెడతాం. మాట్లాడదు, మొరగదు, మీద పడదు. అయినా ఆ గదిలోకి వెళ్ళి కూచుంటే ఏదో నెమ్మదిగా వుంటుంది.

ఎందుకిలా అవుతుంది? ఇది మన భ్రమేనా? శాస్త్రజ్ఞులు దీన్ని కొంతవరకు పరీక్షించి చూశారు.

ఇజ్రాయెల్‌లోని టెల్ అవీవ్ విశ్వవిద్యాలయం పరిశోధకులు 2003లో ఒక ప్రయోగం ఫలితాలు ప్రచురించారు. 58 మందిని ఎంచుకుని, వాళ్ళకు ఒక పెద్ద బొచ్చు సాలీడును చూపించి, దీన్ని చేత్తో పట్టుకోమని మిమ్మల్ని అడగవచ్చునని చెప్పారు. ఇక చూడండి, ఎవరికైనా గుండె దడదడలాడుతుంది కదూ! అప్పుడు వాళ్ళను వేరు వేరు జట్లుగా చేసి, ఒక జట్టుకు బతికున్న కుందేలును, ఒక జట్టుకు బతికున్న తాబేలును, మిగిలిన రెండు జట్లకు బొమ్మ కుందేలును, బొమ్మ తాబేలును ఇచ్చి నిమరమన్నారు. ఇంకో జట్టును ఊరికే కూచోమన్నారు. తర్వాత ఎవరి ఆందోళన ఎంత తగ్గిందో లెక్కగట్టారు. బొమ్మల్ని నిమిరినవాళ్ళకు లాభం కనబడలేదు. బతికున్న ప్రాణిని నిమిరినవాళ్ళకు ఆందోళన తగ్గింది. మెత్తటి బొచ్చున్న కుందేలుతో పాటు గట్టి డిప్ప వున్న తాబేలు కూడా ఆ పని చేసింది. పైగా జంతువులంటే ఇష్టపడేవాళ్ళకే కాదు, అంతగా ఇష్టం లేనివాళ్ళకు కూడా అది పనిచేసింది.

ఇది చిన్న ప్రయోగమే. అప్పటికప్పుడు పుట్టిన ఆందోళన తగ్గడం వేరు, ఏళ్ళ తరబడి వేధించే మానసిక వ్యాధి తగ్గడం వేరు. ఆ తేడా మరచిపోకూడదు. కానీ ఒక ముఖ్యమైన సంగతి మాత్రం ఇందులో బయటపడింది. మెత్తదనమే మనసుకు మందు కాదు. తాబేలు డిప్పలో మెత్తదనమేముంది? చేతి కింద ఒక ప్రాణం వుంది, అది తన బతుకు తాను బతుకుతోంది అన్న ఎరుకే మనసును కుదుటపరుస్తోంది.

ఈ విషయం శాస్త్రజ్ఞుల కన్నా చాలాకాలం ముందే ఒక గృహిణికి తెలుసు. ఆమె కథ చెబుతాను.

ఇంగ్లండులో సస్సెక్స్ ప్రాంతంలో రింగ్‌మర్ అనే వూరుంది. పద్ధెనిమిదో శతాబ్దంలో ఆ వూళ్ళో రెబెకా స్నూక్ అనే ఆవిడ వుండేది. భర్త చర్చిలో మతాధికారి. 1763లో ఆయన పోయాడు. ఆవిడ పెరట్లో చుట్టూ గోడ వున్న చిన్న జాగాలో ఒక తాబేలు వుండేది. దాని పేరు తిమోతీ. ఆవిడకు గిల్బర్ట్ వైట్ అని ఒక మేనల్లుడు. అత్తను చూడడానికి వచ్చినప్పుడల్లా ఆ తాబేలు ఏం చేస్తోందో గమనించి రాసుకునేవాడు. నవంబరు నెల నడుమ మట్టి తవ్వుకుని లోపలికి దిగి చలికాలమంతా నిద్రపోయేది. మళ్ళీ ఏప్రిల్‌లో లేచేది. బండి చక్రం ఎక్కినా చెక్కుచెదరనంత గట్టి డిప్ప వుండి కూడా, నాలుగు చినుకులు పడితే చాలు, పరుగున మూల చేరేది. అన్నిటికన్నా ఆయన్ను ఆశ్చర్యపరచింది ఇంకొకటుంది. ముప్ఫయి ఏళ్ళకు పైగా తనకు తిండి పెడుతున్న ఆ పెద్దావిడ కనబడగానే తాబేలు ఆవిడ వైపు తడబడుతూ నడిచి వచ్చేది. కొత్తవాళ్ళను మాత్రం పట్టించుకునేది కాదు.

1780లో ఆ పెద్దావిడ కన్నుమూసింది. మేనల్లుడు ఆ మార్చి నెలలో నిద్రలో వున్న తాబేలును మట్టిలోంచి తీసి, గుర్రపు బండిలో ఎనభై మైళ్ళు ప్రయాణం చేయించి, సెల్‌బోర్న్‌లోని తన ఇంటికి తెచ్చుకున్నాడు. ఆయన 1789లో ప్రచురించిన ప్రకృతి పరిశీలన గ్రంథం ప్రపంచ ప్రసిద్ధి పొందింది. తిమోతీ కూడా ఆయనతో పాటే పేరు తెచ్చుకుంది. ఆయన 1793లో పోతే, అది మరుసటి ఏడు పోయింది. దాని డిప్ప ఇప్పటికీ లండన్‌లోని ప్రకృతి చరిత్ర మ్యూజియంలో వుంది. తమాషా ఏమిటంటే, తిమోతీ అని మగపేరు పెట్టి పిలిచిన ఆ తాబేలు నిజానికి ఆడది! ఆ సంగతి అది పోయాక గాని బయటపడలేదు.

పేరు మేనల్లుడికి వచ్చింది సరే. కానీ రోజూ తిండి పెట్టిందెవరు? చలికాలంలో అది మట్టిలో వుందో లేదో కనిపెట్టిందెవరు? భర్త పోయిన ఇంట్లో, ప్రతి ఏప్రిల్ నెలా "ఇవాళ లేస్తుందా, రేపు లేస్తుందా" అని ఎదురుచూసిందెవరు? ఆవిడ తన మనసులో మాట ఎక్కడా రాసిపెట్టలేదు. అయినా, దాదాపు నలభై ఏళ్ళు ఒక ప్రాణి కోసం పొద్దున్నే పెరట్లోకి వెళ్ళిన మనిషికి ఆ పెరడు బావురుమని వుంటుందంటారా?

అందుచేత ఈ పెంపకంలో మనసుకు మేలు చేసేవి మూడు సంగతులని నాకు తోస్తుంది.

మొదటిది, వేళ. పాకే ప్రాణుల ఒంట్లో మనకున్నట్టు సొంత వేడి వుండదు. ఎండలో కూచుని వెచ్చబడాలి, నీడలోకి జరిగి చల్లబడాలి. గాజుపెట్టెలో వుంచినప్పుడు ఆ ఎండా నీడా మనమే సమకూర్చాలి. వేళకు దీపం వెయ్యాలి, వేళకు ఆర్పాలి, నీళ్ళు మార్చాలి, ఆకు తరగాలి. మనసు బాగాలేని రోజున మన కోసం మనం లేవం. కానీ మన మీద ఆధారపడిన ప్రాణి కోసం లేస్తాం. ఆ లేవడంతోనే రోజు ఒక గాడిలో పడుతుంది.

రెండోది, మౌనం. కుక్కపిల్ల అయితే మనం విచారంగా వుంటే అది కూడా బెంగపడుతుంది. తోక వూపుతుంది, ఆడమంటుంది. మనుషుల సంగతి చెప్పనే అక్కరలేదు, "ఏమయింది, ఎందుకలా వున్నావు" అని సవాలక్ష ప్రశ్నలు వేస్తారు. తాబేలు ఏమీ అడగదు. నవ్వు ముఖం పెట్టుకోమనదు. దాని ఎదుట కూచోవడానికి మనం ఎవరమూ కానక్కరలేదు. అమ్మ కాదు, అత్త కాదు, కోడలు కాదు. ఎప్పుడూ ఎవరికో ఏదో ఒకటి అయివుండే ఆడవాళ్ళకు ఇది ఎంత విశ్రాంతో మీకు వేరే చెప్పనక్కరలేదు.

మూడోది, అన్నిటికన్నా ముఖ్యమైనది, ధ్యాస. పొయ్యి మీద పాలు పెట్టి పొంగేదాకా చూస్తాం చూడండి, అదొక చూపు. కళ్ళు గిన్నె మీదే వుంటాయి గాని మనసు నాలుగు దిక్కులా పరుగెడుతుంది. తాబేలును చూసే చూపు అలాంటిది కాదు. అది మెడ చాచడానికి ఒక నిమిషం, అడుగు వెయ్యడానికి ఇంకో నిమిషం. తొందరపడితే ఏమీ కనబడదు. దానితో పాటు మనమూ నెమ్మదించక తప్పదు. గీతలో స్థితప్రజ్ఞుడి గురించి చెప్పేటప్పుడు తాబేలునే పోలికగా తెచ్చారు. అవయవాలను డిప్పలోకి ముడుచుకున్నట్టు ఇంద్రియాలను వెనక్కి మళ్ళించుకోవడం. మనకంత స్థాయి అక్కరలేదు గాని, పది నిమిషాలు మనసు ఒకచోట నిలిస్తే అదే పదివేలు.

మరి దానికి మన మీద ప్రేమ వుంటుందా? ఈ మాట నిజాయితీగా చెప్పుకోవాలి. తిండి పెట్టే చేతిని అది గుర్తుపడుతుంది. అలవాటైన మనిషి దగ్గర బెదరదు. అంతకు మించి కుక్కలాగా ప్రేమిస్తుందని ఆశపడితే మనకు నిరాశే. మాటిమాటికి ఎత్తుకోవడం, ముద్దుపెట్టుకోవడం వాటిలో చాలావాటికి హింస. ఇక్కడ మనకు మందు దాని ప్రేమ కాదు, దాని మీద మనం పెట్టే ధ్యాస. ఈ ఒక్క ముక్క గుర్తుపెట్టుకోండి. మిగతాదంతా దీని మీదే ఆధారపడి వుంది.

ఇంతవరకు విని, "అయితే మనమూ ఒక తాబేలును తెచ్చుకుందాం" అని మీలో ఎవరైనా అనుకుంటున్నారేమో! ఒక్క నిమిషం ఆగండి.

మన దేశంలో 1972 నుంచి వన్యప్రాణి సంరక్షణ చట్టం అమల్లో వుంది. ఆ చట్టం కింద రక్షణ వున్న ప్రాణిని ఇంట్లో పెట్టుకోవడం నేరం. డిప్ప మీద పసుపు నక్షత్రాలతో అందంగా వుండే నక్షత్ర తాబేలు మన రాయలసీమ మెట్ట భూముల్లో కూడా పుట్టే ప్రాణి. అది ఇంట్లో వుంటే లక్ష్మి నడిచి వస్తుందని ఎవరో పుట్టించిన నమ్మకం వల్ల దాన్ని గోనెల్లో కుక్కి, సూట్‌కేసుల్లో దాచి దొంగతనంగా దేశాలు దాటిస్తున్నారు. 2019లో దాని అంతర్జాతీయ వ్యాపారాన్ని నిషేధించారు. 2022లో సవరించిన మన చట్టం దాన్ని మొదటి షెడ్యూలులో, అంటే పులితో సమానంగా, చేర్చింది. ఇంట్లో దొరికితే మూడేళ్ళ నుంచి ఏడేళ్ళ దాకా జైలు. లక్ష్మి మాట దేవుడెరుగు, పోలీసులు నడిచి వస్తారు! ఉడుము, ఊసరవెల్లి, మన పాములు – ఇవన్నీ ఆ చట్టం నీడలోనివే. అంతదాకా ఎందుకు, పంజరంలో పెట్టుకునే మన రామచిలక కూడా ఆ చట్టం కిందికే వస్తుంది.

పట్నాల్లో చేపల దుకాణాల్లో రూపాయి బిళ్ళంత పచ్చటి తాబేటి పిల్లల్ని అమ్మడం చూసే వుంటారు. చెంపల మీద ఎర్రటి చార వుంటుంది. అవి మన దేశానివి కావు, అమెరికాలో మిసిసిపీ నది ప్రాంతానివి. పిల్లలు ముచ్చటపడి అడుగుతారు, మనం కొనేస్తాం. కానీ ఆ బిళ్ళ ఏళ్ళు గడిచేసరికి అన్నం పళ్ళెమంత అవుతుంది. ఇరవై, ముప్ఫయి ఏళ్ళు బతుకుతుంది. చిన్న గాజుతొట్టి చాలదు, నీళ్ళు రోజూ కంపు కొడతాయి. చివరికి విసుగెత్తి దగ్గర్లో వున్న చెరువులో వదిలేస్తారు. అక్కడ అది మన చెరువుల్లోని తాబేళ్ళకు తిండీ, ఎండ కాగే చోటూ దక్కనివ్వదు. ప్రపంచంలో కొత్తచోట చేరి చేటు చేసే వంద జీవుల జాబితాలో దాని పేరుంది. చూశారా, మన మనశ్శాంతి కోసం తెచ్చుకున్నది ఒక చెరువుకే అశాంతి తెచ్చిపెడుతుంది.

విదేశాల్లో వున్న మన పిల్లలు చట్టప్రకారమే పెంచుకుంటారు, నిజమే. మన దగ్గర కూడా అంతర్జాతీయ జాబితాలో వున్న విదేశీ ప్రాణులను పెంచేవాళ్ళు 2024 నియమాల ప్రకారం అటవీశాఖ దగ్గర నమోదు చేయించుకోవాలి. చట్టం అడ్డులేనిచోట కూడా ముందే ఆలోచించుకోవలసినవి కొన్నున్నాయి. ఒకటి, తిండి. లెపర్డ్ గెకోకు బతికున్న కీచురాళ్ళు పెట్టాలి. పాముకు ఎలుకలు పెట్టాలి. వెల్లుల్లి కూడా ముట్టని ఇంట్లో ఫ్రిజ్జులో ఎలుకలు పెట్టుకోవడం ఎలా వుంటుందో ఊహించుకోండి! రెండు, వెలుతురు. ఎండలోని అతినీలలోహిత కిరణాలు అందక, సున్నం సరిపడా లేని తిండి తింటే తాబేటి డిప్ప మెత్తబడుతుంది, కాళ్ళు వంకర పోతాయి. అపార్టుమెంటులో పాలరాతి గచ్చు మీద తిప్పుతూ, బిస్కెట్లు పెట్టి పెంచే తాబేళ్ళ గతి ఇదే. మూడు, శుభ్రం. ఈ ప్రాణుల ఒంటి మీద సాల్మొనెల్లా అనే క్రిమి వుండవచ్చు. వాటికేమీ కాదు, మనకు మాత్రం వాంతులు, విరేచనాలు, జ్వరం. చిన్నపిల్లలు నోట్లో పెట్టుకుంటున్నారని అమెరికాలో 1975లోనే నాలుగు అంగుళాల కన్నా చిన్న తాబేళ్ళ అమ్మకాన్ని నిషేధించారు. అయిదేళ్ళలోపు పిల్లలు, గర్భిణులు, బాగా పెద్దవాళ్ళు వున్న ఇంట్లో ఈ సరదా వద్దు. ముట్టుకున్న ప్రతిసారీ సబ్బుతో చేతులు కడుక్కోవాలి, ఆ గిన్నెలు వంటింటి సింకులో కడగకూడదు. నాలుగు, ఆయుర్దాయం. హైదరాబాదు నెహ్రూ జూపార్కులో గలపగోస్ జాతి తాబేలు ఒకటి 2024లో చనిపోయింది. దాని వయసు సుమారు 125 ఏళ్ళని చెప్పారు. తాబేలును పెంచుకునేవాళ్ళు దాన్ని ఎవరికి ఒప్పజెప్పాలో వీలునామాలో రాసుకోవాలేమో!

"మరి వద్దని చెప్పడానికేనా ఇంతసేపు వూరించారు?" అని మీరు అడగవచ్చు. కాదమ్మా. ఇందాకటి మాట గుర్తుతెచ్చుకోండి. మందు ప్రాణిని సొంతం చేసుకోవడంలో లేదు, దాని మీద పెట్టే ధ్యాసలో వుంది. ధ్యాసకు లైసెన్సు అక్కరలేదు, గాజుపెట్టె అక్కరలేదు.

మన గోడ మీద బల్లి వుంది. మనం తెచ్చుకోలేదు, అదే వచ్చింది. దాన్ని చూడగానే చీపురు కోసం వెతుకుతాం. మీద పడితే తలస్నానం, పంచాంగంలో ఫలితం. కంచి వరదరాజస్వామి గుడిలో బంగారు బల్లిని ముట్టుకుని వచ్చినవాళ్ళను తాకితే దోషం పోతుందని ఇంకో నమ్మకం. మన మాటకు సరిగ్గా అది 'టిక్ టిక్' మంటే "చూశావా, సత్యం" అంటాం. నమ్మకాల మాట ఎలా వున్నా, మన కథల్లో ఇంత చోటున్న ప్రాణిని మనలో ఎందరం నిదానంగా చూశాం?

ఇవాళ రాత్రి చూడండి. వంటిల్లు సర్దుకుని, ట్యూబులైటుకు కాస్త దూరంగా కుర్చీ వేసుకుని ఒక పది నిమిషాలు కూచోండి. ఫోను పక్కగదిలో పెట్టండి. దాని కళ్ళకు మనకున్నట్టు మూసి తెరిచే రెప్పలు వుండవు. కంట్లో దుమ్ము పడితే నాలుకతో తుడుచుకుంటుంది. వేళ్ళ కింద కంటికి ఆననంత సన్నని వెంట్రుకలు లెక్కలేనన్ని వుంటాయి. జిగురు లేకుండానే అద్దం మీద కూడా నిలబడేది వాటి బలంతోనే. పురుగు వాలిందనుకోండి, ఎంత ఓపిగ్గా, అంగుళం అంగుళం జరుగుతుందో! ప్రమాదం వస్తే తోక వదిలేసి ప్రాణం దక్కించుకుంటుంది. తోక మళ్ళీ మొలుస్తుంది. పటాల వెనక, బీరువా సందుల్లో రెండేసి చిన్న తెల్లటి గుడ్లు పెడుతుంది. అది విషప్రాణి కాదు, దోమల్నీ రెక్కల పురుగుల్నీ తినిపెట్టే ప్రాణి. వంట మీద మూతలు పెట్టుకోండి, అలమర శుభ్రంగా వుంచుకోండి, దాని మానాన దాన్ని వదిలెయ్యండి. నాలుగు రోజులు చూస్తే ఏది పెద్దదో, ఏది పిల్లదో, ఏది ఏ మూల నుంచి వస్తుందో మీకే తెలిసిపోతుంది. భయం వున్నవాళ్ళు దూరం నుంచే చూడండి. తెలిసినకొద్దీ భయం పలచబడుతుంది.

పగలయితే బాల్కనీ కుండీల దగ్గర, కాంపౌండు గోడ మీద తొండ వుంటుంది. తొండ ముదిరి ఊసరవెల్లి అయిందంటారు గాని, తొండ తొండగానే రంగు మారుస్తుంది. జత కోసం చూసే కాలంలో మగతొండ మెడ ఎర్రగా అయిపోయి తల పైకీ కిందికీ వూపుతుంది. నెత్తురు పీల్చేస్తుందని పిల్లలు రాళ్ళు వేస్తారు. పాపం, అది పీల్చేది నెత్తురు కాదు, తినేది చీమల్నీ పురుగుల్నీ. పిల్లల చేతిలోంచి రాయి తీసేసి, ఒక నోటు పుస్తకం ఇచ్చి, ఏ వేళకు ఎక్కడ కనబడిందో రాయమనండి. మీరూ పక్కన కూచోండి. గిల్బర్ట్ వైట్ చేసిందీ అంతే కదా!

సెలవుల్లో వీలైతే శ్రీకాకుళం జిల్లా శ్రీకూర్మం వెళ్ళండి. కూర్మనాథస్వామి ఆలయ ఆవరణలో నక్షత్ర తాబేళ్ళను సంరక్షిస్తారు. దర్శనం అయ్యాక హడావిడిగా బస్సెక్కకుండా వాటి ముందు కాసేపు నిలబడండి. హైదరాబాదు, విశాఖపట్నం జూపార్కుల్లో జంతువును దత్తత తీసుకునే పథకాలున్నాయి. ఖర్చు మనది, పోషణ వాళ్ళది. పుట్టినరోజుకు కేకు మీద పెట్టే డబ్బులో కొంత ఒక ప్రాణి తిండికి పంపితే, పిల్లలను అప్పుడప్పుడు తీసుకెళ్ళి చూపించవచ్చు.

ఒక మాట మాత్రం గట్టిగా చెప్పాలి. నిద్ర పట్టకపోవడం, దేని మీదా మనసు పోకపోవడం, ఊరికే ఏడుపు రావడం – ఇవి రెండు వారాలు దాటి వుంటే, బతుకు మీద విసుగు పుడుతుంటే, బల్లిని చూడమనీ తాబేలును చూడమనీ నేను చెప్పను. డాక్టరును చూడమంటాను. జ్వరానికి డాక్టరు దగ్గరికి వెళ్ళినట్టే దీనికీ వెళ్ళాలి. ప్రభుత్వం 2022 అక్టోబరులో టెలి మానస్ అనే సహాయం ప్రారంభించింది. 14416 నంబరుకు ఏ వేళకైనా డబ్బు ఖర్చు లేకుండా ఫోను చేసి తెలుగులోనే మాట్లాడవచ్చు. ఆ నంబరు వంటింటి క్యాలెండరు మీద రాసిపెట్టుకోండి. మీకు కాకపోయినా పక్కింటావిడకు పనికిరావచ్చు.

తల్లి తాబేలు గుడ్లను ఒడ్డున ఇసుకలో పెట్టి తాను నీళ్ళలోకి వెళ్ళిపోయి, దూరం నుంచే తన తలపుతో వాటిని పొదుగుతుందని మన పెద్దలు చెప్పేవారు. పొదిగేది ఇసుకలోని వెచ్చదనమని ఇప్పుడు మనకు తెలుసు. కానీ పిల్లల్ని దూరదేశాలకు పంపి, ఇంట్లో కూచుని వాళ్ళనే తలుచుకునే తల్లులకు ఆ పెద్దల మాట వేరే విధంగా అర్థమవుతుంది. ఆ తలపులో రోజుకొక పది నిమిషాలు తీసి, గోడ మీది ప్రాణికో, గోడ అవతలి ప్రాణికో ఇచ్చి చూడండి. మనసు ఎంత తేలికపడిందో మీకే తెలుస్తుంది.